గెడ్డకు ఇవతలి కాఫీ తోటలు: ప్రాజెక్టు డైరీ

అక్టోబరు

పాడేరు వైపు కొండల్లో ఒకే గెడ్డ (కొండవాగు) నీళ్లు తాగే నాలుగు చిన్న ఊళ్లు ఇవి. పంచాయతీ హద్దులు పక్కన పెట్టి, గెడ్డనే హద్దుగా పెట్టుకుని పని మొదలుపెట్టాం. ఎత్తు వెయ్యి మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దాదాపు ప్రతి ఇంటికీ ఎకరమో రెండెకరాలో కాఫీ ఉంది. ఎక్కువ భాగం ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన) పట్టా భూములే. ఒకప్పుడు పోడు కొట్టిన వాలు మీద ఇప్పుడు సిల్వర్ ఓక్, దాని కింద అరబికా కాఫీ మొక్క, ఓక్ మొదలుకి పాకించిన మిరియాల పాదు. ఏజెన్సీలో ఎక్కడ చూసినా తోట ఇలాగే ఉంటుంది.

ప్రాజెక్టు కాగితాల మీద పేరు చాలా పొడుగు: వాతావరణ మార్పులకు కాఫీ సాగును సిద్ధం చేయడంలో స్థానికుల భాగస్వామ్యం. ఊళ్లో మాత్రం దీన్ని కాఫీ మీటింగ్ అంటారు. మేమూ అలాగే అంటున్నాం.

పగలు ఎవరూ ఇళ్ల దగ్గర ఉండరు కాబట్టి మీటింగులన్నీ రాత్రి భోజనాల తర్వాతే. "వాతావరణం మారిందా?" అని అడిగితే అందరూ మారిందనే అంటారు, దానివల్ల మనకు తెలిసేదేమీ ఉండదు. అందుకని నేల మీద ముగ్గుతో పన్నెండు గళ్లు గీసి, ఏ నెలలో ఏ పనో రాళ్లు పెట్టమన్నాం. ఒక వరస పెద్దవాళ్లది, తాము కాఫీ మొదలుపెట్టిన రోజుల్లో పనులు ఎలా ఉండేవో. ఇంకో వరస ఇప్పటి కుర్రాళ్లది. పూత గడి దగ్గర తేడా బయటపడింది. పెద్దవాళ్లు ఒక్క రాయి పెట్టారు. కుర్రాళ్లు ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగైదు రాళ్లు పెట్టి, ఒకడు డిసెంబరులో కూడా ఒకటి పెట్టాడు. పండు కోతా అంతే. ముందు రెండు మూడు విడతల్లో అయిపోయేది, ఇప్పుడు నెలల తరబడి సాగుతోంది.

ఒకే కొమ్మ మీద పచ్చికాయ, పండు, పువ్వు మూడూ కనిపించడం చూడ్డానికి బాగానే ఉంటుంది. కూలి లెక్క వేసుకునేవాడికి మాత్రం అది టెన్షన్. పురుగుకు పండగ. ఆ సంగతి డిసెంబరులో రాస్తాను.

కాఫీకి అనుకూలమైన నేల 2050 నాటికి ప్రపంచం మొత్తం మీద సగానికి పడిపోవచ్చన్న అంచనాలు ఉన్నాయి. ఆ ముక్క ఒక మీటింగులో చెప్పి చూశాను. చుట్ట కాలుస్తున్న ఒక పెద్దాయన, "అప్పటికి నేనుండను గానీ బాబూ, వచ్చే మార్చిలో వాన పడుద్దో లేదో అది చెప్పు" అన్నాడు. ఆ తర్వాత 2050 మాట మళ్లీ ఎత్తలేదు.

నవంబరు

మొంథా తుపాను తీరం దాటిన వారం ఇక్కడా వాన పట్టింది. ముందుగా పండిన కాయ చెట్టు మీదే పగిలి రాలింది. రాలినది ఏరేలోపు బురదలో కలిసింది. పల్పర్‌లో తొక్క తీసి, జిగురు పోయేలా పులియబెట్టి కడిగిన పార్చ్‌మెంట్‌ను (పలచటి పైపొరతో ఉన్న గింజను) ఎండబెట్టడానికి ఎండే లేదు. మట్టి కళ్లం మీద ఆరబోసినవాళ్ల గింజకు బూజు వాసన వచ్చింది. వెదురు తడికలతో మంచెలా కట్టి, దాని మీద వల పరిచి ఆరబోసిన రెండిళ్లవాళ్ల గింజ బాగుంది. కింద నుంచి గాలి ఆడుతుంది, వాన రాగానే పైన టార్పాలిన్ లాగేయొచ్చు.

ఈ ముక్క మేం చెప్పాల్సిన పనే లేకపోయింది. వారం తిరిగేసరికి ఇంకో ఎనిమిదిళ్లలో తడికలు లేచాయి. వెదురు ఊళ్లోదే, చెయ్యి ఊళ్లోదే. వల ఒక్కటే సంతలో కొన్నారు. కళ్ల ముందు పక్కింటివాడి గింజకు రేటు ఎక్కువ పలికితే చాలు, దానికి మీటింగులు అక్కర్లేదు. ఒక్కడు చేస్తే ఒక్కడికి లాభం వచ్చే పనులు వాటంతట అవే పాకుతాయి. మా అవసరం పడేది అందరూ చేస్తే తప్ప ఎవరికీ లాభం రాని పనుల దగ్గరే. ఈ నోటుపుస్తకంలో ఇక నుంచి ఎక్కువగా వాటి గురించే ఉంటుంది.

డిసెంబరు, జనవరి

2025లోనే అరకు ప్రాంతంలో కాయ తొలుచు పురుగు బయటపడింది. మన దేశంలో ఇది మొదట కనిపించింది నీలగిరుల్లో, గూడలూరు దగ్గర, 1990లో. ఇన్నేళ్లూ మన ఏజెన్సీకి దాని బెడద లేదు. వార్త తెలిసిన దగ్గర్నుంచి ఊళ్లో ఒకటే భయం. "తోటలు మొత్తం కొట్టేస్తారంట" అని సంతలో పుకారు. ముందు ఆ భయం తగ్గించాల్సి వచ్చింది.

పురుగు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, నల్లగా ఉంటుంది. కాయ బొడ్డు దగ్గర, అంటే పువ్వు రాలిపోయిన కొన దగ్గర, సూదితో గుచ్చినట్టు ఒక్క రంధ్రం ఉంటుంది. కాయ కోసి చూస్తే గింజలో పొడి, ఆ పొడిలో పిల్లలు. రెక్కలతో అది పెద్దగా దూరం పోలేదు. దాన్ని ఊళ్లు దాటించేది మనమే, గోనెసంచుల్లో, బుట్టల్లో, కూలికి వెళ్లొచ్చిన బట్టల్లో. ఒక కోత అయిపోయాక చెట్టు మీద వదిలేసిన కాయల్లో, కింద రాలిన కాయల్లో దాక్కుని వచ్చే పంటదాకా బతుకుతుంది. ఇక పూత విడతలు విడతలుగా వచ్చి ఏడాది పొడుగునా ఏదో ఒక కాయ దొరుకుతుంటే దాక్కోవాల్సిన పని కూడా లేదు. ముగ్గు గళ్లలో కుర్రాళ్లు పెట్టిన ఆ నాలుగైదు రాళ్లకూ ఈ పురుగుకూ ఉన్న లంకె ఇదే. వేడి పెరిగితే దాని తరాలూ త్వరగా తిరుగుతాయి.

మా నాలుగు ఊళ్లలో ఇంకా కనపడలేదు. ప్రతి తోటలోనూ వరస వరసకీ కొన్ని మొక్కలు ఎంచుకుని కొమ్మలు పట్టుకుని చూశాం. పదో తరగతి చదువుతున్న పిల్లల కళ్లు మా కళ్ల కంటే చురుకు. అనుమానం వచ్చిన కాయలు సీసాలో వేసి ఆర్.వి.నగర్ కాఫీ పరిశోధన కేంద్రానికి పంపాం. అవి వేరే పురుగు కొట్టినవని తేలింది.

రాక ముందే చేయాల్సింది ఏమిటో అందరికీ అర్థమైంది: కోత చివర్లో చెట్టు మీద ఒక్క కాయ మిగలకూడదు, నేల మీద ఒక్క కాయ ఉండకూడదు. చెప్పడం తేలిక. ఎకరం తోటలో వంగి వంగి ఏరాలి, ఆకు చెత్త కింద వెతకాలి. ఆ పని చేసినందుకు వచ్చే కాయ ఎంత? కూలి డబ్బులకు కూడా సరిపోదు. పైగా నేను ఏరి, పక్క తోటవాడు ఏరకపోతే నా కష్టం బూడిదలో పోసినట్టే. అందరూ ఈ మాటే అన్నారు, సరైన మాటే.

ఇక్కడే మేం ఊహించని చిక్కు వచ్చింది. ఈ ఊళ్లలో ఒక అలవాటు ఉంది. కోత అయ్యాక రాలిన పండు ఎవరి తోటలోదైనా సరే, ఏరుకున్నవాళ్లదే. భూమి లేని ఇళ్లలోని ముసలమ్మలు, ఒంటరి ఆడవాళ్లు నెలా నెలన్నర అదే పని మీద ఉంటారు. తొక్కతోనే ఎండబెట్టి చెర్రీగా సంతలో అమ్ముకుంటారు. ఇప్పుడు తోటవాళ్లే శుభ్రంగా ఏరేస్తే వీళ్లకేమిటి? మీటింగులో వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఒక ముసలమ్మ, "పురుగు పేరు చెప్పి మా బుట్ట లాక్కుంటారా?" అంది. అంతా గప్‌చుప్. తోటలున్నవాళ్లలో ఆవిడ బంధువులే సగం మంది.

రెండు రాత్రులు మాటలు నడిచాక పొదుపు సంఘం అక్కలు తేల్చారు. ఏరే పని ఆ ఆడవాళ్లకే. పండూ వాళ్లదే. పైగా తోటవాళ్లు ఇంటికింత అని వాళ్లకు బియ్యం కొలుస్తారు. షరతులు రెండే. ఒకటి, ఇన్నాళ్లలా కాయ ఎక్కువ ఉన్నచోట మాత్రం ఏరి వదిలేస్తే కుదరదు, తోట మొత్తం తిరగాలి. రెండు, ఏరినది నేరుగా ఇంటికి పోకూడదు, ముందు మరిగే నీళ్లలో ముంచాలి.

ముంచే చోటు గెడ్డ ఒడ్డున, పెళ్లిళ్లకు వండే పెద్ద డేగిశాతో. నీళ్లు తెర్లుతుండగా కాయలున్న గోనెసంచిని కర్రకు కట్టి దింపుతారు. రెండు మూడు నిమిషాలు ఉంచి పైకి లాగి తడిక మీద పోస్తారు. పురుగు ఉంటే చచ్చిపోతుంది. గింజ రంగు కాస్త మారుతుంది, రేటు కాస్త తగ్గుతుంది. కట్టెలు ఎవరు తేవాలన్న దాని మీద కాసేపు గొడవైంది. కూలిన ఓక్ కొమ్మలు ఎవరి తోటలో ఉంటే వాళ్లే తెచ్చి పడేయాలని ఒప్పుకున్నారు.

మూడు ఊళ్లలో పని సాఫీగా నడిచింది. నాలుగో ఊళ్లో సగమే అయింది. అక్కడ కుర్రాళ్లు చాలామంది విశాఖలో పనులకు పోయారు. తోటలు కౌలుకిచ్చినట్టు వ్యాపారికి కాయ మీదే అమ్మేశారు. వ్యాపారి మనుషులు కోసుకుపోయాక తోట ఎవరిదీ కాదు.

ఫిబ్రవరి

కాండం తొలుచు పురుగు సంగతి వేరు. ఇది కొత్తది కాదు, అందరికీ తెలిసిన పాత శత్రువే. తల్లి పురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, అదీ ఎండ పడే మొక్కల మీద. నీడ పలచబడిన తోటలే దానికి ఇష్టం. పిల్ల కాండంలోకి దూరి తొమ్మిది పది నెలలు లోపల్లోపలే తింటుంది. ఏప్రిల్, మేలో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంకోసారి రెక్కల పురుగులు బయటికొస్తాయి. అందుకే మార్చి దాటకముందే పట్టిన మొక్కలు వెతికి పీకి కాల్చాలి.

వెతకడం చేత్తోనే. మొక్క మొదలు దగ్గర కూర్చుని కాండం చుట్టూ బొటనవేలు నెమ్మదిగా తిప్పుతారు. లోపల సొరంగం ఉన్నచోట బెరడు సన్నటి గట్టులా ఉబ్బి వేలికి తగులుతుంది. ఒక మొక్క నరికి నిలువునా చీల్చి చూపించాం. కాండం నడుమ మెలికలు తిరిగిన దారి, దాని నిండా గట్టిగా అణిచిన రంపపు పొట్టు, చివర్లో తెల్లటి పురుగు, అంగుళమంత పొడుగు. చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకాయన లేచి నేరుగా తన తోటలోకి నడిచాడు. సాయంత్రానికి తన మొక్కలకు ఎర్ర గుడ్డపేలికలు కట్టేశాడు.

గుడ్డలు కట్టడం అందరూ చేశారు. పీకడం దగ్గరే కాళ్లు ఆగాయి. పట్టిన మొక్క ఈ ఏడాది కూడా కాస్తుంది. వచ్చే ఏడాదీ ఎంతో కొంత కాస్తుంది. కాసే మొక్కను పీకి మంటలో వెయ్యమంటే చెయ్యి ఎవరికి వస్తుంది? ఇక్కడ ఒత్తిడి చేయకూడదని ముందే అనుకున్నాం. పీకినచోట నాటడానికి మొక్క ఊరి నర్సరీలో సిద్ధంగా ఉందని చూపించగలిగినచోట పీకారు, లేనిచోట ఎర్ర గుడ్డ అలాగే ఊగుతోంది. చంద్రగిరి రకం నారు ఎక్కువ అడుగుతున్నారు. 2007లో కాఫీ బోర్డు విడుదల చేసిన రకం ఇది, పొట్టిగా గుబురుగా పెరుగుతుంది, ఆకు తుప్పు తెగులును బాగా తట్టుకుంటుంది. కాండం పురుగును ఆపే రకం మాత్రం ఏదీ లేదని చెప్పే నారు ఇస్తున్నాం.

పట్టని మొక్కలకు కాండం మీది వదులు బెరడును గోనెపట్టాతో రుద్ది తీసేసి సున్నం పూశారు. ఇరవై కిలోల సున్నం, రెండు వందల లీటర్ల నీళ్లు, జారిపోకుండా కొంచెం జిగురు. రుద్దడం మరీ గట్టిగా అయితే పచ్చి బెరడు లేచిపోతుంది. ఆడవాళ్ల చేతులు ఈ పనికి నప్పాయి. మగవాళ్లు కత్తి వెనక్కి తిప్పి గీకబోయారు, వద్దని ఆపాం.

మార్చి, ఏప్రిల్

నాలుగు ఊళ్లలో నాలుగు వాన కొలిచే గొట్టాలు పెట్టాం. ప్లాస్టిక్‌వే, ఖరీదేం కాదు. రోజూ ఉదయం చూసి పుస్తకంలో రాసే బాధ్యత సంఘం అక్కలది. ఒక ఊళ్లో కోడి వచ్చి గొట్టం మీద వాలి కింద పడేస్తోందని దాని చుట్టూ ముళ్లకంప కట్టారు.

కాఫీ మొగ్గ చలికాలమంతా ఎండలో బిగుసుకుని ఉంటుంది. గట్టి వాన ఒకటి, పాతిక మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా పడితే నిద్ర లేచి, ఎనిమిది పది రోజుల్లో తోటంతా ఒకేసారి తెల్లగా విరబూస్తుంది. తర్వాత రెండు మూడు వారాలకు ఇంకో వాన పడితే పిందె నిలుస్తుంది. మొదటి వాన అరకొరగా పడితే మొగ్గల్లో కొన్నే విచ్చుకుంటాయి, కొన్ని గులాబీ రంగుకు తిరిగి మాడిపోతాయి. 

ఈసారి ఫిబ్రవరి చివర్లో ఒక జల్లు, గొట్టంలో ఎనిమిది మిల్లీమీటర్లు. ఊరంతా సంతోషించారు, పుస్తకం రాసే అక్క మాత్రం "ఇది మోసం వాన" అంది. మార్చి మూడో వారంలో పై ఊళ్లో ముప్పై ఒకటి పడింది. అదే సాయంత్రం కొండ అవతలి ఊళ్లో పద్నాలుగు. పై ఊరు పూచింది, అవతలి ఊరు చిలకరించినట్టు పూచింది. కొండకు ఇటూ అటూ ఉన్న తోటల్లో కోత రోజులు కలవవని అప్పుడే తెలిసిపోయింది. ఊటకు దగ్గరున్న కొన్ని తోటలకు పైపు వేసి, పై నుంచి దిగే నీళ్లతోనే పూతకు తడి ఇవ్వొచ్చేమోనని ఆలోచన. అదే ఊట కింద మూడిళ్లవాళ్లు తాగే నీళ్లు తెచ్చుకుంటారు. వాళ్లు ఒప్పుకునేదాకా ఆ పైపు మాట కాగితం మీద కూడా పెట్టం.

ఏప్రిల్‌లో ఇటుకల పండగ. మగవాళ్లు వేటకు, ఆడవాళ్లు దారి కాచి పండగ డబ్బులు వసూలు చేయడానికి. మేమూ ఇచ్చుకున్నాం. ఆ రోజుల్లో మీటింగ్ పెడతామన్నవాడు ఈ కొండ ఎక్కనివాడే.

మే

నెలంతా చెట్ల గొడవే. మంచి గొడవ.

నీడ చెట్టుగా సిల్వర్ ఓక్ నారు ఉచితంగా వస్తుంది, త్వరగా పెరుగుతుంది, నిటారుగా ఉంటుంది, మిరియాల పాదుకు అంతకన్నా మంచి ఆధారం లేదు. ఒక్కో ఏడాది కాఫీ కంటే మిరియమే ఎక్కువ డబ్బు తెస్తుంది. మరి ఇంకేం కావాలి? పై ఊరి పెద్దాయన ఒకరు మమ్మల్ని గట్టు మీదికి తీసుకెళ్లి మొదళ్లు చూపించారు. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను. గట్టు మీది ఓక్‌లు వరసలు వరసలుగా పడిపోయి కింది కాఫీని నలిపేశాయి. నలగని మొక్కల మీద ఆ తర్వాతి వేసవిలో నెత్తిన నీడ లేదు. కాండం పురుగు ఎక్కువైంది కూడా అప్పటి నుంచేనని ఆయన లెక్క. అదే గట్టు మీద ఒక పనస, రెండు నేరేళ్లు కొమ్మలు విరిగి నిలబడే ఉన్నాయి.

దాని మీద మగవాళ్లదొక జాబితా, ఆడవాళ్లదొక జాబితా తయారైంది. మగవాళ్లది: ఓక్, ఓక్, కొంచెం పనస. ఆడవాళ్లది: పనస, నేరేడు, ఉసిరి, కరక. కారణాలు అడిగితే టకటకా చెప్పారు. పనస కాయ వానాకాలంలో కూర, ఆకు మేకలకు. కరక్కాయ, ఉసిరి ఎండబెట్టి అమ్ముకోవచ్చు. నీడ మరీ ముదురైతే కాయ రాదు కాబట్టి మామిడి వద్దన్నారు. "ఓక్ ఆకు మేక కూడా ముట్టదు సార్" అని ఒకామె అంటే నవ్వులు.

చివరికి గాలి ఎటు నుంచి తగులుతుందో చూసి పంచుకున్నారు. గట్టు వైపు, తోట అంచుల్లో రకరకాల చెట్లు, వరసలు దగ్గర దగ్గరగా. లోపల మిరియం కోసం ఓక్ అలాగే. ఖాళీ పడినచోట త్వరగా నీడ రావడానికి బాడిద కొమ్మలు పాతేస్తారు. నాకైతే గట్టు మీద ఇంకా ఎక్కువ పనస ఉంటే బాగుండేదనిపించింది. కానీ చెట్టు నరకాల్సి వచ్చినా, కొమ్మ కొట్టాల్సి వచ్చినా ఎక్కేది నేను కాదు.

తేలనిది ఒకటే. పట్టా భూమిలో రైతు పెంచిన ఓక్ ముదిరాక కొట్టి అమ్ముకునే హక్కు ఎవరిది? ఒక ఆఫీసులో ఒక మాట, ఇంకో ఆఫీసులో ఇంకో మాట. రాసి ఇవ్వమంటే రెండు చోట్లా రాసివ్వలేదు. పిల్లల పెళ్లికి పనికొస్తుందనే నమ్మకం లేని చెట్టును ఎవరు శ్రద్ధగా పెంచుతారు? పండ్ల చెట్ల మీద ఊళ్లో మొగ్గు రావడానికి ఇదీ ఒక కారణం. పనసకాయ కోసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు కదా.

జూలై

వానలు నిలకడగా పట్టాయి. గుంతలు ఉపాధి హామీ పనిలో మే చివర్లోనే తీశారు. నర్సరీ సంచుల్లో మట్టి పాళ్లు ఆరు వంతులు అడవి మట్టి, రెండు వంతులు మాగిన పెంట, ఒక వంతు ఇసుక. ఒక ఊళ్లో పెంట సరిగ్గా మాగకుండా కలిపేశారు, అక్కడ నారు కొంత పోయింది. మిగతాది నాటేశారు. వాలుకు అడ్డంగా చిన్న కందకాలు తవ్వి, వాటిలోకి ఆకు చెత్త దించారు. వాన నీళ్లు కొట్టుకుపోకుండా అక్కడే ఇంకుతాయి, వేసవిలో మొక్క మొదట్లో చల్లదనం నిలుస్తుంది. ఓక్ కింది కొమ్మలు ఇప్పుడే నరుకుతున్నారు, వానాకాలంలో వెలుతురు కావాలి కాబట్టి. 

ఎర్ర గుడ్డలు కట్టిన మొక్కల్లో మూడు వంతులు పీకేశారు. ముసలమ్మలకు కొలవాల్సిన బియ్యం అందరూ కొలిచారు, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఇంటి పేరు ఊళ్లో అందరికీ తెలుసు, వచ్చే కోతకు వాళ్ల తోటలో అడుగు పెట్టేది లేదని ఏరేవాళ్లు చెప్పేశారు. ఆ ఒక్క తోట వల్ల చుట్టూ పది తోటలకు ముప్పు కాబట్టి ఆ పది ఇళ్లవాళ్లు వెళ్లి మాట్లాడుతున్నారు. మేం తలదూర్చట్లేదు.

మా పట్టులో లేనిది గెడ్డకు అవతల ఉంది. అక్కడ చాలా పెద్ద తోట, ఊళ్లవాళ్లది కాదు. నిరుడు కోసిన తర్వాత కాయ అలాగే చెట్ల మీద ఎండి నల్లబడింది, నేల మీదిది ఎవరూ ఏరలేదు. నాలుగు ఊళ్ల సంఘాలు కలిసి అర్జీ రాసుకున్నాయి. డబ్బులు అక్కర్లేదు, కోత అయ్యాక మా ఆడవాళ్లను లోపలికి రానిచ్చి ఏరుకోనివ్వండి, మరిగించే కట్టెలు కూడా మేమే తెచ్చుకుంటాం అని అందులో ఉంది. తోట కాపలాదారు దాన్ని తీసుకుని, పైవాళ్లకు పంపుతానన్నాడు. జవాబు రాలేదు. నవంబరు కోతకు ముందే ఇంకోసారి వెళ్లాలని సంఘం అక్కలు అనుకుంటున్నారు. ఈసారి బొడ్డు దగ్గర రంధ్రం ఉన్న కాయ ఫొటో ఒకటి ఆర్.వి.నగర్ నుంచి తెప్పించి కాగితానికి అంటిస్తారట.